నాలుగో మూల

ఒక బండను నలుగురు మోస్తే మనిషికో మూల వస్తుంది. నాది వెనక ఎడమ మూల. పెళ్లికి ముందు నాలుగేళ్లు, తర్వాత రెండేళ్లు నేను ఆ మూలే పట్టాను. చర్చిలో దిగిన మా పెళ్లి ఫొటో చూస్తే నా ఎడమ భుజం కుడిదానికంటే వేలెడు కిందకు ఉంటుంది. మా ఆవిడ దాన్ని ఇప్పటికీ చుట్టాలకు చూపించి నవ్విస్తుంది.

మార్కాపురం అంటే బయటివాళ్లకు పిల్లలు రాసుకునే పలకలే గుర్తొస్తాయి. ఆ పలకల గిరాకీ మా నాయన కాలంలోనే తగ్గింది. నేను పనిలోకి వచ్చేనాటికి అదే రాయిని పెద్ద బండలుగా కోసి, ఇళ్ల గోడలకూ నేలకూ పనికొచ్చేటట్టు చేసి, లారీల్లో పంపేవాళ్లు. కోసిన బండను యంత్రం దగ్గర నుంచి లారీ దాకా మోసే గుంపు మాది. మా మేస్త్రీని అందరం మామ అనేవాళ్లం. ఆయన నాకు మేనమామ కాదు, పిల్లనిచ్చిన మామా కాదు. మా వైపు చుట్టరికం కలపకుండా ఎవర్నీ పిలవరు, బస్సు కండక్టరు కూడా ఎవరికో ఒకరికి బావ అవుతాడు. మామకు యాభై దాటాయి. పొట్టి మనిషి, సన్నటి కాళ్లు. ముందు కుడి మూల ఆయనది. మిగతా ఇద్దరూ అన్నదమ్ములు, మా చర్చివాళ్లే. ఇద్దరూ కలిసి రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

మా గుంపులో ఒక పద్ధతి ఉండేది. బండ లేపే ముందు మామ "పట్టుందా?" అని అడుగుతాడు. ముగ్గురమూ ఒకరి తర్వాత ఒకరు "ఉంది" అనాలి. ముగ్గురి నోటా ఆ మాట వచ్చాకే బండ లేస్తుంది. ఎవరైనా "లేదు" అంటే అందరూ చేతులు తీసేసి నీళ్లు తాగడానికి పోవాలి. ఎందుకు లేదని అడగకూడదు. వేళ్లకు చెమట పట్టి ఉండొచ్చు, ముందు రోజు జ్వరం వచ్చి ఉండొచ్చు, ఇంట్లో గొడవ పడి వచ్చి ఉండొచ్చు. పెళ్లాం చేతి కూర నుంచి ప్యాంటు చిరుగు దాకా దేని మీదైనా ఒకరినొకరు ఆటపట్టించుకునే మేము ఆ మాట మీద మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. అన్నదమ్ముల్లో చిన్నవాడు ఒక వేసవిలో వరసగా మూడు రోజులు పొద్దున్నే "లేదు" అన్నాడు. మూడు రోజులూ నీళ్లు తాగి, కాసేపు నీడన కూర్చుని, మళ్లీ మొదలుపెట్టాం. నేను మాత్రం ఆరేళ్లలో ఒక్కసారి కూడా "లేదు" అనలేదు. దాన్ని ఒక ఘనతగా చెప్పుకునేవాణ్ణి.

రాష్ట్రం విడిపోయిన కొత్త అది. టీకొట్టు దగ్గర రాజధాని ఎక్కడొస్తుంది, మన పడమటి వైపు ఎవరు చూస్తారు, మార్కాపురాన్ని జిల్లా చేస్తారా చేయరా అని ఒకటే వాదన. నేను ఎటూ చేరకుండా టీకొట్టు అద్దంలో నా చేతులు చూసుకునేవాణ్ణి. అప్పుడే బస్టాండుకు అవతల ఒక జిమ్ము పెట్టారు. చేరతానంటే, పగలంతా బండలు మోసేవాడు సాయంత్రం పైకం కట్టి ఇనుము ఎత్తడం ఏమిటని మా ఆవిడ అడిగింది. సరైన ప్రశ్నే. బండ మోస్తే ఒళ్లు గట్టిపడుతుంది గానీ, చొక్కా విప్పితే పదిమంది తిరిగి చూసేంత ఒళ్లు రాదు. నాకు ఆ ఒళ్లు కావాలి. ఎందుకంటే చెప్పలేను, కావాలి అంతే. ఇరవై ఆరేళ్లవాణ్ణి.

జిమ్ములో కోచ్ నాకంటే నాలుగేళ్లు పెద్ద. చెడ్డవాడు కాదు. నేల మీద నుంచి బరువు లేపడంలో నేను అక్కడ అందరికంటే ముందుండేవాణ్ణి, అది నా రోజు కూలి పనే కాబట్టి. ఒంగోలులో పోటీ జరగబోతోందని, ఒక కోర్సు వాడితే నేనే గెలుస్తానని ఆయన ఆశపెట్టాడు. కోర్సు అంటే స్టెరాయిడ్లు. ఆ పేరు ఆయన నోటితో అనలేదు, నేనూ అడగలేదు, ఇద్దరికీ తెలుసు. మాత్రలు నేనే మింగేవాణ్ణి, సూది ఆయన వేసేవాడు.

రెండు నెలల్లో చొక్కాలన్నీ బిగుతయ్యాయి. నిజం చెప్పాలంటే నాకు బ్రహ్మాండంగా ఉండేది. గిద్దలూరులో చుట్టాల పెళ్లికి పోతే నన్ను పోలీసు సెలక్షన్లకు తయారవుతున్నావా అని అడిగారు, కాదని చెప్పబుద్ధి కాలేదు. వీపు నిండా మొటిమలు లేచాయి. తల దిమ్ముగా ఉండేది. కోపం మాత్రం ఎక్కడ నుంచి వచ్చేదో నాకే అంతుపట్టేది కాదు. ఒక రోజు అన్నంలో రాయి తగిలిందని కంచం విసిరికొట్టాను. మా ఆవిడ రాచర్ల దగ్గర గొర్రెలు కాసే ఇంటి నుంచి వచ్చిన మనిషి, అంత తొందరగా బెదరదు. చెదిరిన అన్నం ఎత్తింది, కంచం కడిగింది, ఆ రాయిని వెతికి పట్టుకుని నా ముందు పెట్టింది.

"అంతంత బండలు మోసేటోనివి, ఇది మొయ్యలేకపోయినావా?" అంది.

అప్పుడు ఇంకా కోపం వచ్చింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం సిగ్గు కూడా వేస్తుంది.

పోటీకి నెలన్నర ఉందనగా జిమ్ములో బరువు లేపుతుంటే నడుము కింద ఏదో కలుక్కుమంది. మర్నాటి నుంచి ఎడమ పిర్ర దగ్గర మొదలై పిక్క దాకా కరెంటు పాకినట్టు నొప్పి. దగ్గితే లాగేది, తుమ్మితే లాగేది, చర్చిలో పాటకు లేచి నిలబడితే లాగేది. బెల్టు బిగించి కట్టుకుంటే సర్దుకుంటుందని కోచ్ అన్నాడు. మా వీధి ఆర్.ఎం.పి. డాక్టరు నొప్పి సూది వేశాడు. అలా సూది వేయించుకుని, చొక్కా లోపల బెల్టు కట్టుకుని, కోర్సు ఆపకుండా బండలు మోశాను. మామ నా నడక రెండు మూడు సార్లు పరకాయించి చూశాడు. కానీ ఆయన విడిగా అడిగే మనిషి కాదు. "పట్టుందా?" అన్నప్పుడు నేను "ఉంది" అనేవాణ్ణి. మూడు వారాల పాటు, బండ లేపిన ప్రతిసారీ అదే అబద్ధం చెప్పాను.

ఎందుకు చెప్పానంటే, నా మూల పోతుందని భయం. ఒళ్లు చూపించుకుని తిరిగేవాడు నడుము పట్టుకుని కూర్చుంటే నవ్వుతారనే సిగ్గు కొంత ఉంది, అది అబద్ధం కాదు. అసలు భయం మాత్రం మూల గురించే. ఆ నలుగురిలో ఒకణ్ణి కావడం తప్ప నాకు చేతనైన పని ఇంకొకటి లేదు. డిగ్రీ రెండో ఏట మానేశాను. మా నాయన పోయాక ఇంట్లోవాళ్లందరూ కూలికి పోతుంటే, నన్ను పిలిచి చెయ్యి ఇలా పెట్టు, కాలు అలా పెట్టు అని నేర్పింది మామే. ఒకసారి నా మూలలో ఇంకొకడు నిలబడితే ఇక నేను ఆ గుంపులోకి రాలేననుకున్నాను.

ఒక పొద్దున పొదిలి నుంచి వచ్చిన లారీకి బండలు ఎక్కిస్తున్నాం. ఆ బండ పెద్దదే, కానీ అంతకు మించినవి ఎన్నో మోశాం. మామ అడిగాడు, ఉందన్నాను. నాలుగడుగులు వేశామో లేదో నా ఎడమ కాలు ఉన్నట్టుండి నాది కాకుండా పోయింది. నా మూల నేలకు తగలగానే బండ మెలి తిరిగింది. మిగతావాళ్ల చేతుల్లోంచి జారి రెండు ముక్కలైంది. ముందు ముక్క మామ కుడి పాదం మీద పడింది.

చెయ్యి తడిగా ఉండి జారిందని చెప్పాను. బండలు కడిగే చోటు కాబట్టి ఎవరూ తిరిగి అడగలేదు. నేను నేల మీద నుంచి లేవలేకపోతే భయపడి కూలబడ్డాననుకున్నారు. మామకు బొటనవేలి ఎముకా పక్క వేలి ఎముకా విరిగాయి. ఆయన్ను ఆటోలో ఎక్కిస్తుంటే నేను వీపు లారీ చక్రానికి ఆనించి చూస్తూ ఉండిపోయాను.

రెండో రోజుకు నేను మంచం దిగలేకపోయాను. మా ఆవిడ నన్ను బస్సు వెనక సీట్లో పడుకోబెట్టి ఒంగోలు తీసుకుపోయింది. ఎమ్మారై తీశారు. అక్కడి డాక్టరమ్మ ఫిల్ము వెలుతురుకు పెట్టి, వెన్నుపూసల మధ్య మెత్తటి దిండ్ల లాంటివి ఉంటాయని, వాటినే డిస్కులంటారని, నాకు నడుములో నాలుగో పూసకూ ఐదో పూసకూ మధ్య ఉన్నది చిట్లి బయటికి ఉబ్బి నరాన్ని నొక్కుతోందని ఓపిగ్గా చెప్పింది. తర్వాత బీపీ చూసి, ఇంకోసారి చూసి, ఏమైనా మందులు వాడుతున్నావా అని అడిగింది. ఏమీ లేదన్నాను. మా ఆవిడ చేతిసంచిలోంచి ఖాళీ మాత్రల అట్టలూ, రెండు సూదిమందు సీసాలూ తీసి బల్ల మీద వరసగా పెట్టింది. బీరువా మీద నేను దాచినవి. ఎన్నాళ్ల నుంచి పోగు చేస్తోందో. ఆ కాసేపు నాకు నడుము నొప్పి గుర్తు లేదు, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. అట్టల మీద పేర్లు చదివి పక్కన పెట్టింది.

"ఈ మందు నీ కండను పెంచింది. డిస్కుకు ఆ సంగతి తెలీదు కదా. కండ ఎత్తగలిగినదంతా పాపం అది మోయాల్సి వచ్చింది," అంది.

ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదని, చాలామందికి నెలల మీద దానంతట అదే తగ్గుతుందని చెప్పింది. పాదం ఇంకా బలం తగ్గినా, ఒంటికి రెంటికి తేడా వచ్చినా, కింద తిమ్మిరి ఎక్కినా ఆ గంటకే రావాలంది. కోర్సు మందులు ఇక ముట్టుకోవద్దని, అవి ఆపాక ఒంట్లో వచ్చే మార్పులకు వేరే డాక్టరును చూడాలని రక్తపరీక్షలు రాసింది. నేను అన్నిటికీ తలూపి ఒక్కటే అడిగాను, మళ్లీ బండ మోయొచ్చా అని. ఆ మాట ఇప్పుడు అడగొద్దని చెప్పింది.

మందులు ఆపాక ఒళ్లు దిగిపోయింది. బిగుతు చొక్కాలు వదులయ్యాయి. ఒళ్లు నీరసం సరే, మనసుకు పట్టిన నీరసం ఇంకా ఎక్కువ. కారణం లేకుండా ఏడుపొచ్చేది. పోటీ జరిగే రోజు ఎప్పుడు వచ్చి పోయిందో కూడా నేను చూసుకోలేదు. మా ఆవిడ మిరప కోతలకు పోయి వస్తూనే నన్ను లేపి వీధి చివరిదాకా నడిపించేది. మొదట్లో వీధి చివర చాలా దూరం.

కొంచెం నడవగలిగాక మొదట మామ ఇంటికే పోయాను. పావుగంట దారి, మూడు చోట్ల ఆగి పోయాను. మామ వాకిట్లో నులక మంచం మీద, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి మంచం మీద జాగా ఇచ్చాడు. కూర్చోలేను, నిలబడే చెప్పాను.

"మామా, ఆ పొద్దు చెయ్యి జారలేదు. నడుము పోయి అప్పటికే మూడు వారాలు. ఉందని అబద్ధం చెప్పినా."

"తెలుసులేరా," అన్నాడు. "చెయ్యి జారినోడు బండ దిక్కు చూస్తాడు. నువ్వు నీ కాలు దిక్కు చూసినావు."

ఆయనే మళ్లీ అన్నాడు, ఈసారి గొంతులో కోపం ఉంది.

"నేనడిగేది లేదనే మాట కోసం. ఉందో లేదో బండ లేస్తే నాకే తెలుస్తది, అది నువ్వు చెప్పాల్నా? లేదని చెప్పేదానికి నీకేమొచ్చినాది?"

మూల పోతుందని భయం, అన్నాను. మామ తన కాలు వైపు చూసుకుని, లోపలికి కేకేసి నాకు టీ తెమ్మన్నాడు. టీ తాగి వచ్చేశాను. నా మూల సంగతి ఆయన ఎత్తలేదు, అడిగే ముఖం నాకు లేదు.

ఊళ్లో ఇంకా బడి పలకలు చేసే పాత షెడ్డు ఒకటి ఉంది. అక్కడ పలకలకు చెక్క చట్రాలు బిగించే పనిలో చేరాను. అందరూ ఆడవాళ్లే. కింద కూర్చుని చేసే పని, నేనేమో కూర్చోలేను. పాత తలుపు రెక్క ఒకటి ఇటుకల మీద ఎత్తుగా నిలిపి, నిలబడి బిగించడం మొదలుపెట్టాను. కొత్తలో పెళ్లికొడుకు నిలబడ్డాడని నవ్వారు. నెల తిరిగేసరికి, పెద్దామె ఒకావిడ వచ్చి నడుము మీద చెయ్యి వేసుకుని, అల్లుడా, ఆ తలుపు మీద కాస్త జాగా ఇయ్యి అంది. ఏడాది చివరికి ఆ షెడ్డులో తలుపు రెక్కలు మూడయ్యాయి. పని సాగుతుంటే వాళ్లు చెప్పుకునే అత్తల కబుర్లు వింటూ నేను ఇంటి కంటే అక్కడే ఎక్కువ నవ్వాను. కొట్టిన ప్రతి మేకుకూ ఒక అత్త బలైపోయేది.

నడుముతో కాపురం నేర్చుకున్నాను. పొద్దున్నే బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపాలి. నీళ్ల బిందె ఎత్తాలంటే నడుము వంచకుండా తుంటి దగ్గర వంగి, మోకాళ్లు మడిచి, బిందెను పొట్టకు ఆనించుకుని లేవాలి. తుమ్ము వచ్చేటట్టుంటే ముందు గోడ పట్టుకోవాలి. సాయంత్రం పొదిలి రోడ్డు మీద నడక. నొప్పి పిక్క నుంచి మోకాలికి, మోకాలి నుంచి పిర్రకు మెల్లగా పైకి ఎక్కి వచ్చింది. అలా వెనక్కి తగ్గడం మంచిదేనని డాక్టరమ్మ చెప్పినప్పుడు ఇంటికి వచ్చి మా ఆవిడతో కలిసి కోడికూర తిన్నాను. కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. ఒక రోజు అన్నంలో మళ్లీ రాయి తగిలింది, తీసి పక్కన పెట్టి తిన్నాను, ఆమె చూసి కూడా చూడనట్టు పులుసు పోసింది.

ఎనిమిదో నెలలో, డాక్టరమ్మ అనుమతి దొరికాక, జిమ్ముకు పోయాను. కోచ్ నన్ను చూసి తల దించుకున్నాడు. నేను ఆయన్ను ఏమీ అనలేదు, మింగింది నేనే కదా. బరువు పళ్లాలేమీ తగిలించని ఖాళీ కడ్డీ తీసి నా ముందు పెట్టాడు. దాన్ని వీపు నిటారుగా ఉంచి, ఊపిరి బిగించకుండా, పదిసార్లు లేపాను. ఒకప్పుడు దాన్ని బరువని కూడా లెక్కపెట్టేవాణ్ణి కాదు. ఆ సాయంత్రం మాత్రం ఎవరూ చూడకపోయినా నాకు హాయిగా ఉంది. వారానికి రెండు రోజులు ఇప్పటికీ పోతున్నాను, ఏ కోర్సూ లేకుండా.

మూల ఆలోచన మాత్రం ఒక్క రోజు కూడా నన్ను వదల్లేదు. బండల లారీలు ఊళ్లోంచి పోతూనే ఉన్నాయి, అంటే గుంపు పని చేస్తూనే ఉంది, అంటే నా చోట ఎవరో నిలబడ్డారు. ఎవరని ఎవర్నీ అడగలేదు. ఆ బండల షెడ్డు ఉన్న దారిన పోవడమే మానేశాను. చర్చిలో అన్నదమ్ములు కనిపిస్తే నవ్వేవాళ్లు, వాళ్ల పది మాటల్లో ఆ మాట లేదు. దెబ్బ తగిలిన నాలుగు నెలలకు మామ కూడా కుంటుకుంటూ చర్చికి వచ్చాడు. నడుము ఎట్లుందని అడిగేవాడు, పరవాలేదనేవాణ్ణి, అంతటితో సరి. ఆ కొత్త మనిషి ఆరడుగుల పొడుగని, వాడికి నడుము నొప్పి అంటే ఏమిటో తెలియదని నాకు నేనే అనుకుని, ముఖం కూడా చూడని వాణ్ణి మనసారా తిట్టుకునేవాణ్ణి.

ఏడాది దాటాక, మళ్లీ బండ పట్టడానికి డాక్టరమ్మ ఒప్పుకుంది. చిన్న బరువులతో మొదలుపెట్టాలి, వంగి మెలి తిరగకూడదు, కాలు లాగితే ఆపెయ్యాలి. మర్నాడు పొద్దున బండల షెడ్డుకు పోయాను. ఊరికే చూసి రావడానికని ఇంట్లో చెప్పాను. మా ఆవిడ అన్నం క్యారియరు చేతిలో పెట్టింది. చూసి రావడానికి క్యారియరెందుకని నేనూ అడగలేదు.

గేటు దగ్గరే నిలబడ్డాను. మామ ముందు, అన్నదమ్ములిద్దరూ వెనక, ముగ్గురూ కలిసి ఒక బండ మోసుకొస్తున్నారు. నాలుగోవాడు టీకి పోయి ఉంటాడనుకున్నాను. ఇంకో బండకూ ముగ్గురే. ఆ తర్వాత దానికీ ముగ్గురే. అప్పుడు చూశాను బండల వైపు. లారీ పక్కన పేర్చినవన్నీ ఇరుకైనవి, మేము మోసినవాటిలో సగం వెడల్పు కూడా లేవు. రాయి కోసే యంత్రం నడిపే అన్న నా పక్కకు వచ్చి నిలబడి చెప్పాడు. మామ కాలు మానే దాకా అన్నదమ్ములిద్దరే బుడ్డ బండలు మోశారట. ఆయన వచ్చాక ముగ్గురూ. పెద్ద బండలన్నీ ఇంకో గుంపుకు పోయాయి. నాలుగోవాణ్ణి పెట్టుకోమని ఓనరు మూడుసార్లు మనుషుల్ని పంపాడట, మామ మూడుసార్లూ తిప్పి పంపాడట.

నేను లోపలికి పోయి మామ ముందు నిలబడ్డాను. అంతా విన్నాక కూడా నోటికి ఆ ప్రశ్నే వచ్చింది.

"నాలుగో మనిషి ఏడి మామా?"

మామ తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ, "ఏడాది నుంచి మేమూ అదే అనుకుంటాండాం," అన్నాడు.

అన్నదమ్ముల్లో చిన్నవాడు, ఆ రోజుకు వాళ్లిద్దరి పది మాటల్లో సగం ఖర్చు పెట్టి, "నీ మూల ఇంకెవురికిస్తాం అన్నా," అన్నాడు.

షెడ్డు రేకుకు చెయ్యి ఆనించి ఏడ్చాను. మందు ఆపిన రోజుల్లో వచ్చిన ఏడుపు కాదది, చాలా బాగుంది. అన్నదమ్ములు ఎటో చూస్తూ నిలబడ్డారు. మామ కాసేపు ఓర్చుకుని, నా చేతిలో క్యారియరు తీసుకుని నీడన పెట్టి వచ్చాడు.

"ఏడ్చేది అయినాక చెప్పురా," అన్నాడు, "లారీ కాసుకోని ఉండాది."